ఆరోగ్యశ్రీ ఉండంగ ప్రైవేటు పాలసీ కట్టుడు దండుగనా?

కరీంనగర్ డ్రైవర్
సొంత కారు కిరాయికి తిప్పుత. ఈఎస్ఐ లేదు, కంపెనీ పాలసీ అసలే లేదు. తెల్లకార్డు ఉంది, ఆరోగ్యశ్రీ వర్తిస్తది. ఇంట్ల మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, 72 ఏండ్ల అమ్మ. మొన్న ఒక ఏజెంటు వచ్చి 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్‌కు (మా నలుగురికి కలిపి ఒకటే ఆరోగ్య బీమా) ఏడాదికి 22 వేలన్నడు, అమ్మకు వేరే కట్టాల్నట. మా బామ్మర్దేమో "సర్కారు 10 లక్షలిస్తుంటే నీకేం రోగం" అంటడు. ఏం చెయ్యమంటరు?

పాలమూరు పెద్దన్న
వద్దు తమ్మీ. 2007ల ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్ల మా మహబూబ్‌నగర్ ఒకటి. మా నాయినకు గుండె ఆపరేషన్ అయితే రూపాయి కట్టలే, ఇంటికొచ్చేటప్పుడు దారి ఖర్చులు గూడ ఇచ్చిండ్రు. 2023 డిసెంబర్ల 5 లక్షలను 10 లక్షలు చేసిండ్రు. ప్రైవేటు బీమా కంపెనోళ్ళు ముందే షుగర్ ఉందంటే దానికి పైసలియ్యనీకి మూడేండ్ల దాంక ఆగమంటరు, వెయిటింగ్ అంట.

బిల్లింగ్ కౌంటర్
మీ నాయనగారికి మంచి జరిగింది, సంతోషం. నేను హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్‌లో పనిచేస్తాను. కార్డు చూపించగానే మొదట అడిగేది జబ్బు లిస్టులో ఉందా అని. ఉంటే ఆరోగ్యమిత్ర (ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే మనిషి) వివరాలు ఎక్కిస్తారు, ఆరోగ్యశ్రీ ట్రస్టు అప్రూవల్ రావాలి. లేకపోతే క్యాషే. మా దగ్గర పొద్దున కార్డు పేషెంటుకు "బెడ్లు లేవండి" అని చెప్పి, సాయంత్రం అదే వార్డులో క్యాష్ పేషెంటును చేర్చుకోవడం కళ్ళారా చూశాను. తప్పే. కానీ 2025లో బకాయిలు రాలేదని రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి కదా. ఆ వారంలో మీకు నొప్పి వస్తే?

కాకినాడ కాజా
మా ఆంధ్రా వైపు ఇంకా పెద్ద అంకె, 25 లక్షలు! పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. అంకె పెంచడం తేలికండీ, ఆసుపత్రికి డబ్బులు పంపడమే కష్టం. తమ్ముడూ, 5 లక్షలు దాటాక పనిచేసే సూపర్ టాపప్ ఒకటి తీసుకో. చాలా చవక. కింది 5 లక్షలు కార్డు చూసుకుంటుంది.

బిల్లింగ్ కౌంటర్
చూసుకోదండీ, అక్కడే చిక్కు. కార్డు నడవని చోట 3 లక్షల బిల్లయితే ఆ టాపప్ ఒక్క రూపాయి ఇవ్వదు. మా కౌంటర్‌కు వచ్చే బిల్లుల్లో ఎక్కువ భాగం ఆ 5 లక్షల లోపువే. 3 లక్షల చిన్న పాలసీ, దానిమీద 3 లక్షలు దాటాక పట్టుకునే టాపప్ అయితే అర్థముంది.

పాలమూరు పెద్దన్న
కార్డు నడవకుంటే సీఎం సహాయ నిధి లేదా? నిమ్స్‌ల అయితే ముందుగాలనే ఎల్‌ఓసీ (ఖర్చు సర్కారు కడ్తదని రాసిచ్చే కాయితం) ఇస్తరు.

బిల్లింగ్ కౌంటర్
ఎల్‌ఓసీ మాట నిజమే. మిగతా చోట్ల ముందు అప్పు తెచ్చి బిల్లు కట్టాలి, ఒరిజినల్ బిల్లులు పట్టుకుని ఎమ్మెల్యే ఆఫీసుకు తిరగాలి, నెలల తర్వాత చెక్కు వస్తుంది. అదీ కొంత మొత్తానికే. వడ్డీ ఎవరు కడతారు పెద్దన్నా?

నిజాంపేట అక్క
అమ్మ సంగతి అందరూ వదిలేశారు. 70 దాటినవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, 2024 అక్టోబర్ నుంచి. ఏడాదికి 5 లక్షలు. ఆధార్ పట్టుకుని వెళ్తే చాలు. ఆవిడకు వేరే ప్రీమియం ఎందుకు తమ్ముడూ? ఇంకోటి, మీ ఇద్దరిలో ఎవరికి బీపీ ఉన్నా ఫారంలో రాయించు. "లేదని పెట్టేద్దాం సార్" అనే ఏజెంట్లు క్లెయిమ్ రోజున ఫోనెత్తరు. 22 వేలు జీఎస్టీతో కలిపి చెప్పాడేమో కూడా అడుగు, సొంతంగా, కుటుంబానికి తీసుకునే ఆరోగ్య పాలసీల మీద ఆ 18 శాతం 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు.

పాలమూరు పెద్దన్న
అన్నీ మంచిగనే చెప్తున్నరు గని, కిరాయి బండి మీద బతికేటోడు రెండో ఏడు కట్టలేకపోతే? పాలసీ పోతది, మళ్ళ కొత్తది తీసుకుంటే వెయిటింగ్ మొదటికొస్తది. కట్టినయి నీళ్ళపాలే.

కరీంనగర్ డ్రైవర్
గదే నా భయం గూడ పెద్దన్నా. బండి కిస్తీ ఇంకా ఉంది. అమ్మ కార్డు రేపే చేపిస్త. బిల్లింగ్ అన్నా, 3 లక్షల పాలసీకి నెలనెలా కట్టే వీలుంటదా? ఒక నెల ఆలస్యమైతే ఏమైతది?

బిల్లింగ్ కౌంటర్
చాలా కంపెనీల్లో ఉంది. నెలవారీ కట్టేదానికి గ్రేస్ (గడువు దాటాక ఇచ్చే అదనపు సమయం) 15 రోజులు, ఏడాదిదానికి 30. ఆ లోపు కడితే వెయిటింగ్ మొదటికి రాదు. ఏజెంటుతో రాతపూర్వకంగా చెప్పించుకో.