ఐఐటీలో చేరిన పిల్లలకు ఇంటి నుంచి మనం ఏం చేయగలం? (చర్చ)

రాజాం నాన్న:
అందరికీ నమస్కారం. మా అబ్బాయి పదో తరగతి వరకు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో చదివాడు. విశాఖపట్నంలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, ఈ ఏడాది వేరే రాష్ట్రంలోని ఒక ఐఐటీలో చేరాడు. ర్యాంకు వచ్చిన వెంటనే వాడి ఫొటోతో మా కూడలిలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఇప్పుడు సెమిస్టరు మధ్య పరీక్షల్లో గణితంలో చాలా తక్కువ మార్కులు వచ్చాయి. అప్పటి నుంచి ఫోను ఎత్తడం తగ్గించాడు, ఎత్తినా "తిన్నాను, బాగానే ఉన్నాను" అని పెట్టేస్తున్నాడు. డిసెంబరు సెలవుల్లో ఊరికి రానని కూడా అంటున్నాడు. నాకు చిన్న ఎరువుల దుకాణం, ఊరి చివర కొద్దిపాటి మెట్ట భూమి ఉన్నాయి. వచ్చే సెమిస్టరు ఫీజుకు ఆ భూమి అమ్మాలా, అప్పు తీసుకోవాలా? వాడికి రోజూ ఫోను చేయాలా, కొంతకాలం వదిలేయాలా? ఒకసారి వెళ్లి చూసి రావడం మంచిదా? అక్కడి అధ్యాపకులతో మేము నేరుగా మాట్లాడవచ్చా? ఈ దారిలో నడిచినవారు దయచేసి చెప్పండి.

గజపతినగరం అమ్మ:
అన్నయ్యగారూ, ఫోను సంగతి నేను చెబుతాను. మా అమ్మాయి హాస్టలుకు వెళ్లిన కొత్తలో మా ఇంట్లో అందరూ, అంటే నేను, వాళ్ల నాన్న, నాయనమ్మ, మేనత్త, ఒకరి తర్వాత ఒకరు ఫోను చేసి ఒకే ప్రశ్న అడిగేవారు: "బాగా చదువుతున్నావా?" ఆ ప్రశ్నకు ఏ బిడ్డ అయినా "ఆఁ" అనడం తప్ప ఇంకేం చెప్పగలదు? అందుకే ఫోను చేసే వేళను దానికే వదిలేశాం. చదువు గురించి మేము ముందుగా అడగడం లేదు. పెరట్లో చిక్కుడు పాదు కాపుకు వచ్చిందని, పైడితల్లి అమ్మవారి సిరిమాను పండుగకు ఎవరెవరు వచ్చారని చెబుతాను. కాసేపటికి అదే తన తరగతి గురించి, పక్క గది అమ్మాయి గురించి మాట్లాడుతుంది. మీవాడు ఫోను ఎత్తకపోతే కోపంగా సందేశాలు పెట్టకండి. "నువ్వు ఎప్పుడు చేసినా నేను మేలుకునే ఉంటాను" అని ఒక్క వాక్యం రాసి పెట్టండి.

ఉద్దానం రైతు:
భూమి మాటకు నేను జవాబు చెబుతాను. అప్పు వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోయిన నాటికి మా పెద్దవాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. ఉన్న జీడితోటలో కొంత అమ్మి వాడి చదువు ఆగకుండా చూశాను. ఈ రోజు వాడు పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు, మా ఇంటి మీద ఎవరికీ ఒక్క రూపాయి బాకీ లేదు. భూమి పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, కానీ పిల్లవాడు ఉద్యోగంలో చేరిన మొదటి నెల నుంచే బ్యాంకువాడు జీతంలో కోత పెడితే వాడు ఎప్పుడు తేరుకుంటాడు?

విశ్రాంత బ్యాంకు అధికారి, విజయనగరం:
పై సలహా ప్రమాదకరం. నేను ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం రుణాల విభాగంలోనే పనిచేశాను. విద్యారుణం గురించి ఈ రెండు జిల్లాల్లో నాకంటే బాగా చెప్పగలవారు తక్కువ. భూమి ఒకసారి చేజారితే అదే ధరకు తిరిగి రాదు. విద్యారుణానికి చదువు సాగినంత కాలం, ఆ తర్వాత ఇంకొక ఏడాది వరకు వాయిదాలు కట్టనక్కరలేదు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ప్రకారం, ఎంపిక చేసిన ఉన్నత శ్రేణి సంస్థల్లో ప్రవేశం పొందిన విద్యార్థికి తనఖా గాని, హామీదారు గాని లేకుండానే రుణం ఇవ్వాలి. ఐఐటీలు ఆ జాబితాలో ఉన్నాయి. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండి, ఇతర ప్రభుత్వ ఉపకార వేతనాలు పొందనివారికి, 10 లక్షల వరకు రుణంపై, వాయిదాలు మొదలుకాని కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ కోసం దరఖాస్తు చేసుకునే వీలుంది. ఆదాయం నాలుగున్నర లక్షల లోపు అయితే సాంకేతిక, వృత్తి విద్యలకు ఆ కాలపు వడ్డీ మొత్తాన్నీ ప్రభుత్వమే భరించే ఏర్పాటు ఉంది. ఇన్ని ఉండగా పొలం అమ్మమని చెప్పడం బాధ్యతారాహిత్యం.

ఉద్దానం రైతు:
అయ్యా, బాధ్యత గురించి మీరు నాకు చెప్పవద్దు. కాగితం మీద తనఖా లేదు అంటారు, బ్యాంకు మెట్లెక్కితే "పొలం పాసుపుస్తకం తెచ్చావా?" అని అడుగుతారు. మా ఊళ్లో ఒక బ్యాంకు నన్ను తిప్పిన తిప్పుడు నాకు తెలుసు. ఒకసారి మేనేజరు సెలవులో ఉన్నారన్నారు, ఒకసారి వేరే శాఖకు వెళ్లమన్నారు, చివరికి జామీను ఇచ్చే ప్రభుత్వ ఉద్యోగిని తెమ్మన్నారు. ఫీజు గడువు ఎవరి కోసమైనా ఆగుతుందా? కుర్చీలో కూర్చున్నవారికి పథకాలు కనిపిస్తాయి, కౌంటరు ముందు నిలబడినవారికి కనిపించవు.

విశ్రాంత బ్యాంకు అధికారి, విజయనగరం:
మిమ్మల్ని అలా తిప్పినవారు నిబంధన ప్రకారం నడుచుకోలేదు. ఏడున్నర లక్షల వరకు విద్యారుణాలకు ప్రభుత్వ పరపతి హామీ నిధి 2015 నుంచే ఉంది; ఆ నిధి కిందకు వచ్చే రుణానికి తనఖాగాని, మూడో వ్యక్తి జామీనుగాని అడగకూడదు. ఇప్పుడు విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే దానికి సంఖ్య వస్తుంది, అది ఏ దశలో ఉందో కనిపిస్తుంది. నోటిమాటతో వెనక్కి పంపేస్తే నోరు మూసుకుని రాకండి, తిరస్కరణకు కారణం రాసి ఇమ్మని అడగండి.

ఉద్దానం రైతు:
"నోరు మూసుకుని" అనే మాట వెనక్కి తీసుకోండి. నేను మీ గుమాస్తాను కాను.

చీపురుపల్లి పంతులమ్మ:
పెద్దలిద్దరూ శాంతించండి. అసలు ఎంత డబ్బు కావాలో తేలకుండానే భూమి, బ్యాంకు అని వాదించుకుంటున్నారు. ఐఐటీల్లో బీటెక్ బోధన రుసుము 2016 నుంచి ఏడాదికి 2 లక్షలు. కానీ ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అది పూర్తిగా మాఫీ. మిగిలినవారిలో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపు ఉంటే పూర్తి మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. హాస్టలు, భోజనం ఖర్చులు మాత్రం వేరుగా కట్టుకోవాలి. రాజాం నాన్నగారూ, మీ దుకాణం ఆదాయం 5 లక్షల లోపే అయితే బోధన రుసుము ఏడాదికి సుమారు 67 వేలకు దిగుతుంది. చేరేటప్పుడు ఆదాయ ధ్రువపత్రం పెట్టారా? ఈ ఒక్క కాగితం గురించి ఎవరూ చెప్పకపోవడం వల్ల మన పల్లెల పిల్లలు పూర్తి ఫీజు కట్టడం చూసి నాకు ఎంతో బాధ కలుగుతుంది.

నాగావళి ఒడ్డు:
నేను శ్రీకాకుళంలో తెలుగు మాధ్యమంలో చదివి, ఐఐటీలో బీటెక్ పూర్తిచేసినవాడిని. భూమి అమ్మడం మంచిదా, అప్పు మంచిదా అన్నది నాకు రెండో విషయం. ఏది చేసినా, దయచేసి ఆ సంగతి ప్రతి ఫోనులో పిల్లవాడికి వినిపించకండి. "నీ కోసమే పొలం అమ్మాం" అన్న మాట తల్లిదండ్రులు ప్రేమతోనే అంటారు, కానీ మార్కులు తగ్గిన రోజున ఆ మాట గుర్తొస్తే పిల్లవాడు ఇంటికి ఫోను చేయలేడు. నా పక్క గదిలోని మిత్రుడు సరిగ్గా ఈ కారణంతోనే సెలవులన్నీ హాస్టల్లోనే గడిపేవాడు.

ఇక మార్కుల మాట. ఐఐటీ ప్రవేశ పరీక్ష జేఈఈలో జవాబు ఎంచుకోవాలి, లేదా ఒక సంఖ్య రాయాలి. ఐఐటీలో మొదటి సెమిస్టరులోనే ఒక సిద్ధాంతాన్ని మొదటి నుంచి చివరి వరకు కాగితం మీద నిరూపించమంటారు; పాఠమంతా ఆంగ్లంలో వేగంగా సాగుతుంది; తరగతిలో ప్రతివాడూ తన కళాశాలలో మొదటి ర్యాంకు వాడే. చాలా సబ్జెక్టుల్లో గ్రేడు తరగతి మొత్తంతో పోల్చి ఇస్తారు. అందువల్ల వందకు ముప్ఫై వచ్చిందని విని ఇక్కడ మనం గుండె పట్టుకుంటాం, ఆ పరీక్షలో తరగతి సగటే ముప్ఫై అయిదు కావచ్చు. "ఎన్ని మార్కులు?" అని కాకుండా "తరగతి సగటు ఎంత?" అని అడగండి. ఒకవేళ సబ్జెక్టు తప్పినా, ఆ కోర్సును మళ్లీ నమోదు చేసుకుని పూర్తిచేసే అవకాశం ఉంటుంది. అలా పూర్తిచేసి మంచి ఉద్యోగాలు చేస్తున్నవారు నా తరగతిలోనే ఉన్నారు.

పలాస జీడితోట:
మావాడు ఖరగ్‌పూర్ ఐఐటీలో ఉన్నాడు. వెళ్లి చూడాలా అని అడిగారు కాబట్టి చెబుతున్నాను. మన జిల్లాలవారికి అది దగ్గరి దారి. ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ విజయనగరంలోను, శ్రీకాకుళం రోడ్డులోను ఆగి, నేరుగా ఖరగ్‌పూర్ చేరుస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి మనవాళ్లు అక్కడ స్థిరపడ్డారు కనుక ఊళ్లో తెలుగు వినిపిస్తుంది. 1951లో మొదలైన తొలి ఐఐటీ అదే. పాత హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో ప్రారంభమైంది. అక్కడ భోజనంలో ఆవనూనె వాసన మావాడికి మొదట పడలేదు. ఆవకాయ, కందిపొడి, జీడిపప్పు పంపితే గదిలోవాళ్లందరూ కలిసి తింటున్నారు.

గరివిడి విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
ఆవకాయల సంగతి తర్వాత చూసుకోవచ్చు. పిల్లవాడు ఫోను ఎత్తడం లేదంటే తండ్రి వెంటనే డీన్‌గారికి ఫోను చేయాలి, వార్డెనుతో మాట్లాడాలి, హాజరు వివరాలు తెప్పించుకోవాలి. నా సర్వీసులో తల్లిదండ్రులు వచ్చి అడిగిన పిల్లలే బాగుపడ్డారు.

నాగావళి ఒడ్డు:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. వాడు పాఠశాల విద్యార్థి కాడు, ఓటు హక్కు వయసుకు చేరుకున్నవాడు. తండ్రి తనకు తెలియకుండా డీన్‌కు ఫోను చేశాడని తెలిసిన రోజున, మిగిలిన ఆ రెండు మాటలు కూడా మానేస్తాడు. ప్రతి విద్యార్థికీ ఒక సలహాదారు అధ్యాపకుడు ఉంటారు. ముందుగా ఆయనను కలవమని వాడికే చెప్పండి.

గరివిడి విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
ప్రాణం మీదకు వచ్చేదాకా మర్యాదలు పాటిస్తూ కూర్చోమంటారా?

గజపతినగరం అమ్మ:
మాస్టారి భయం అర్థం లేనిది కాదు. పిల్లవాడు సరిగా నిద్రపోకపోయినా, తిండి మానేసినా, "నేను ఎందుకూ పనికిరాను" వంటి మాట అన్నా, అప్పుడు అనుమతుల కోసం చూడకండి. వార్డెనుకు ఫోను చేయండి, దొరికిన రైలెక్కి వెళ్లండి. అంతవరకు రానివ్వకుండా సంస్థలోని మానసిక సలహా కేంద్రానికి వెళ్లమని మామూలు మాటలా చెప్పండి. జ్వరం వస్తే డాక్టరు దగ్గరకు వెళ్లినట్లే ఇదీను. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. తెలుగులో కూడా మాట్లాడతారు. తల్లిదండ్రులు కూడా దానికి ఫోను చేసి, ఎలా మాట్లాడాలో అడగవచ్చు. ర్యాగింగ్ ఏమైనా జరుగుతోందా అన్నది కూడా నెమ్మదిగా కనుక్కోండి. దానికి 1800-180-5522 వేరుగా ఉంది.

ఉద్దానం రైతు:
నా మాట ఎవరూ పట్టించుకోలేదు. భూమి అమ్మిన సంగతి మా అబ్బాయికి నేనే చెప్పాను. ఇంటి పరిస్థితి పిల్లలకు తెలియాలి, దాచిపెట్టి పెంచితే డబ్బు విలువ తెలియదు. వాడు కుంగిపోలేదు, కష్టపడ్డాడు.

నాగావళి ఒడ్డు:
ఒకసారి చెప్పడానికి, రోజూ గుర్తు చేయడానికి చాలా తేడా ఉంది బాబాయ్ గారూ. మీరు ఒకసారి చెప్పి ఊరుకున్నారు, అందుకే మీ అబ్బాయి నిలబడ్డాడు.

రాజాం నాన్న:
అందరికీ కృతజ్ఞతలు. మా ఆదాయం 5 లక్షల లోపే. చేరేటప్పుడు ఆదాయ పత్రం పెట్టలేదు, అది అవసరమని మాకు ఎవరూ చెప్పలేదు. నిన్న రాత్రి వాడికి మార్కుల మాట ఎత్తకుండా, తరగతి సగటు ఎంతని మాత్రం అడిగాను. కొంచెం సేపు ఆగి, "నలభై లోపే నాన్నా, నాకు ఇరవై ఎనిమిది" అన్నాడు. ఆ తర్వాత పాఠం ఎక్కడ అర్థం కావడం లేదో చాలాసేపు చెప్పాడు. నాకు ఆ గణితం తెలియదు, అయినా విన్నాను. రుసుము మాఫీ ఇప్పుడైనా అడగవచ్చా? భూమి మాట మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

చీపురుపల్లి పంతులమ్మ:
తప్పకుండా అడగండి. గ్రామ సచివాలయంలో గాని, మీసేవలో గాని దరఖాస్తు చేసుకుంటే తహసీల్దారు కార్యాలయం నుంచి ఆదాయ ధ్రువపత్రం వస్తుంది. ఏ సంవత్సరపు ఆదాయం చూపాలో, ఏ నమూనాలో ఉండాలో అబ్బాయిని తన సంస్థ విద్యా విభాగంలో కనుక్కోమనండి. రెండో సెమిస్టరు రుసుము గడువుకు ముందే లిఖితపూర్వకంగా అడగాలి. ఈ పని వాడి చేతే చేయించండి. కార్యాలయానికి వెళ్లి మాట్లాడటం వాడికి అలవాటు కావాలి. బ్యాంకు అధికారి గారికి నాదొక ప్రశ్న: ఉద్యోగస్థులమైన మాకు విద్యారుణం వడ్డీపై ఆదాయపు పన్నులో మినహాయింపు ఇప్పటికీ ఉందా?

విశ్రాంత బ్యాంకు అధికారి, విజయనగరం:
ఉంది. అసలుకు వర్తించదు, వడ్డీకి మాత్రమే. దానికి గరిష్ఠ పరిమితి లేదు, వడ్డీ కట్టడం మొదలైన ఏడాది నుంచి ఎనిమిదేళ్ల వరకు పొందవచ్చు. అయితే పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే అది లభిస్తుంది. రాజాం నాన్నగారికి నా సలహా: మాఫీ వచ్చాక మిగిలే బోధన రుసుము, హాస్టలు, భోజనం కలిపి ఎంత అవుతుందో లెక్కవేసి అంతకే రుణం అడగండి, వీలైతే చదువు సాగే కాలంలోనే వడ్డీ కట్టుకుంటూ వెళ్లండి, దానికి చాలా బ్యాంకులు వడ్డీ రేటు కొంత తగ్గిస్తాయి. ఉద్దానం రైతు గారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పొలం అమ్మవద్దన్న అభిప్రాయాన్ని మాత్రం తీసుకోను.

ఉద్దానం రైతు:
మాట వెనక్కి తీసుకున్నందుకు సంతోషం. అప్పు వద్దన్నది నేనూ మార్చుకోను.