షింజుకులో మొదటి శనివారం: ఏం కొనాలి, ఎక్కడ తిరగాలి?

(ప్రతి మాటకీ పైన రాసింది మనిషి పేరు కాదు, తోక్యోలోనో పక్క ఊళ్లలోనో వాళ్లుండే చోటు.)

ఫునబోరి నుంచి, కొత్తగా వచ్చినవారు
అందరికీ నమస్కారం. నేనూ మా ఆవిడా పోయిన వారమే హైదరాబాద్ నుంచి తోక్యో వచ్చాం. ఈ శనివారం షింజుకు వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరికీ చలికోట్లు, ఊళ్లో అమ్మకి ఒక రైస్ కుక్కర్ కొనాలి. చీకటి పడ్డాక ఆ లైట్ల వీధులు కూడా చూడాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు? ట్యాక్స్ ఫ్రీ వస్తుందా?

ఒజిమా
తమ్ముడూ, కోట్ల సంగతి తర్వాత, ముందు స్టేషన్ సంగతి వినండి. షింజుకు స్టేషన్‌కి 200కి పైగా దారులున్నాయి. రోజుకు దాదాపు 30 లక్షల మంది వచ్చిపోయే చోటు. మీది ఎలాగూ తోయెయ్ షింజుకు లైన్ అనే సబ్‌వే. దాని ప్లాట్‌ఫాం మీరు చూడాలనుకునే వీధులకి దూరంగా, అవతలి వైపు ఉంటుంది. ఒక స్టేషన్ ముందే, షింజుకు-సంచోమెలో దిగండి. భూమి కింద నుంచే ఇసెతాన్ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌కి దారి ఉంది. పైకి వస్తే బట్టల షాపులన్నీ అక్కడే. తిరుగు ప్రయాణానికీ సంచోమెలోనే ఎక్కండి.

నిషికసాయి
రైస్ కుక్కర్ అన్నారు కాబట్టి చెప్తున్నా. ఇక్కడి కరెంటు 100 వోల్టులు, మన దగ్గర 230. షాపులో వరసగా పెట్టినవన్నీ ఇక్కడ వాడుకునేవే. ఊళ్లో ప్లగ్ పెట్టగానే కాలిపోతాయి. పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపుల్లో విదేశాలకి తీసుకెళ్లేవాళ్ల కోసం విడిగా ఒక అర ఉంటుంది, 220 వోల్టులవి అక్కడ అడగండి. పెట్టె మీద కాదు, కుక్కర్ అడుగున అంటించిన స్టిక్కర్ మీద వోల్టులు చూసుకుని డబ్బు కట్టండి. అసలు మీ అమ్మగారికి ఇడ్లీ పాత్ర పట్టే కుక్కర్ మన దగ్గరే దొరుకుతుంది కదా, ఇక్కణ్ణుంచి మోయడం ఎందుకు?

కావాసాకి
ట్యాక్స్ ఫ్రీ వస్తుంది. వచ్చి ఆరు నెలలు దాటకపోతే చాలు. పాస్‌పోర్టు పట్టుకెళ్లండి.

యొకొహామా
కావాసాకి గారూ, అది టూరిస్టులకి. ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్లకి మొదటి రోజు నుంచే ఆ సౌకర్యం లేదు. వర్క్ వీసా మీద వచ్చిన తమ్ముడు 10 శాతం పన్ను కట్టాల్సిందే. రేపు అమ్మానాన్నలు టూరిస్టు వీసా మీద వస్తే వాళ్ల పాస్‌పోర్టు మీద, వాళ్ల కోసం కొనేవాటికి వస్తుంది. ఒకే షాపులో ఒకే రోజు కనీసం 5,000 యెన్‌లకి కొనాలి. అదీ 2026 నవంబరు నుంచి ముందు పన్ను కట్టి, దేశం వదిలేటప్పుడు వెనక్కి తీసుకునే పద్ధతికి మారుతోంది.

ఇంకో మాట. మీరిద్దరూ రెసిడెన్స్ కార్డు ఇంట్లో వదిలి బయటికి రావద్దు. దగ్గర లేకపోతే 2 లక్షల యెన్‌ల దాకా జరిమానా వేయొచ్చు.

నకానో
ఎవరూ అసలు విషయం చెప్పలేదు. చీకటి పడ్డాక లైట్ల వీధులంటే కబుకిచో. అక్కడ రోడ్డు మీద నిలబడి పిలిచేవాడి వెనక వెళ్లొద్దు. ఇంగ్లిష్‌లో పిలిచినా, హిందీలో పిలిచినా, "నమస్తే బ్రదర్" అన్నా సరే.

మా ఆఫీసుకి ఆన్‌సైట్ మీద వచ్చిన నలుగురు కుర్రాళ్ల సంగతి చెప్తాను. రాత్రి పదకొండున్నరకి నాకు ఫోన్. రోడ్డు మీద ఒకడు లామినేషన్ చేసిన కార్డు చూపించాడట, మనిషికి 3,000 యెన్‌లు, ఎంత తాగినా అంతే అని. లిఫ్టులో పైకి తీసుకెళ్లాడు. మెనూ లేదు. గంటన్నర తర్వాత బిల్లు 1,40,000 యెన్‌లు! టేబుల్ చార్జీ, వారాంతపు చార్జీ, ఐసుకి విడిగా, వీళ్లు ముట్టని పల్లీల గిన్నెలకి కూడా వేశారు. ఆ పైన సర్వీసు చార్జీ. తలుపు దగ్గర ఇద్దరు నిలబడ్డారు. నేను వెళ్లేసరికి ఒకడి కార్డు గీకేశారు కూడా. అందరం కలిసి కోబన్‌కి, అంటే వీధి పోలీస్ చౌకీకి నడిచాం, బార్ మనిషీ మాతోపాటే వచ్చాడు, ఏ భయం లేకుండా. పోలీసాయన మర్యాదగానే విన్నాడు, కానీ ఇది డబ్బు తగాదా, మీరూ మీరూ తేల్చుకోండి అన్నాడు. రెండు గంటలు వాదిస్తే 40,000 తగ్గించారు. మిగతాది పోయినట్టే. ఆఖరి ట్రైన్ ఎప్పుడో వెళ్లిపోయింది. ట్యాక్సీకి రాత్రి పది దాటితే 20 శాతం అదనం, అదీ కట్టాం. ఆ కుర్రాళ్లలో ఒకడికి ఇంటికి పంపాల్సిన డబ్బు అది. ఇప్పటికీ తల్చుకుంటే కడుపు రగిలిపోతుంది.

అలా పిలవడమే అక్కడ నిషేధం. వీధిలో మైకులో హెచ్చరిక మోగుతూనే ఉంటుంది, దాని కిందే నిలబడి పిలుస్తుంటారు.

కావాసాకి
అందుకే కొత్తవాళ్లు కబుకిచో వైపే వెళ్లకూడదు. దాని బదులు షిబుయా అనే ఇంకో పేట చూసి వచ్చేయండి.

నకానో
అంత భయపెట్టొద్దండీ. వీధిలో నడవడానికి ఏ ఇబ్బందీ లేదు, ఆడవాళ్లూ పిల్లలూ తిరుగుతూనే ఉంటారు. గాడ్జిల్లా తల కనిపించే వీధి చూడండి, పక్కన 2023లో తెరిచిన 48 అంతస్తుల టవర్ చూడండి. గోల్డెన్ గైలో ఆరు సన్న సందుల్లో 200 దాకా చిన్న బార్లుంటాయి, ఒక్కోదాంట్లో పదిమంది కూర్చుంటే నిండిపోతుంది. తలుపు మీద కూర్చున్నందుకు ఎంతో రాసి ఉన్నచోటికే వెళ్లండి. మామూలు చోట్ల కూడా అడక్కుండా ఒక చిన్న గిన్నె ముందు పెట్టి 300 నుంచి 500 వేస్తారు. అది మోసం కాదు, ఇక్కడి పద్ధతి.

యొకొహామా
తాగే అలవాటు లేకపోతే పడమర వైపు తోక్యో ప్రభుత్వ భవనం 45వ అంతస్తుకి వెళ్లండి. 202 మీటర్ల ఎత్తు నుంచి ఊరంతా లైట్లలో కనిపిస్తుంది, టికెట్ లేదు.

ఫునబోరి
చాలా థ్యాంక్స్ అండీ. కుక్కర్ ఆలోచన మానేశాం. ఒక్కటే టెన్షన్, మా ఆవిడ బీఫ్, పోర్క్ తినదు. రాత్రి భోజనానికి ఎలా?

నిషికసాయి
షిన్-ఓకుబోకి రండి, కబుకిచో నుంచి పావుగంట నడక. నేపాలీ హోటళ్లలో పప్పన్నం దొరుకుతుంది. రామెన్, అంటే రసంలో వేసిచ్చే నూడుల్స్ జోలికి వెళ్లొద్దమ్మా, కూరగాయలదని రాసినా రసం పంది ఎముకలదో చేపదో అయి ఉంటుంది. స్టేషన్ పక్క సందులో మసాలా కొట్లున్నాయి, కందిపప్పు, చింతపండు అక్కడే కొనేసుకోండి.

ఒజిమా
కందిపప్పు అంత దూరం నుంచి మోయించకండి అక్కా. మీ నిషికసాయిలోనే దొరుకుతుందిగా, వీళ్లకి బస్సుంది.

నిషికసాయి
ధర చూశారా? నేను రెండుచోట్లా కొంటాను. అయిదు కిలోలు తీసుకుంటే షిన్-ఓకుబోలోనే తక్కువ పడుతుంది.