ఎర్ర నూగు, నల్ల చారలు: ఇది చీమేనా?

ప్రశ్న: ఇసుక నేల మీద ఆగకుండా పరుగెడుతున్న పురుగును ఫొటో తీశాను. ఒళ్లంతా మఖమల్ లాంటి ఎర్రటి నూగు, పొట్ట మీద నల్ల అడ్డచార, రెక్కల్లేవు. మొదట ఆరుద్ర పురుగు అనుకున్నా, కానీ కాళ్లు ఆరే ఉన్నాయి. పుల్లతో కదిపితే కీచుమంది! ఏ జాతో చెప్పగలరా?

జవాబు: ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్లండి, అది వేరే. మీది వెల్వెట్ యాంట్. పేరులో చీమ ఉన్నా నిజానికి కందిరీగల బంధువు, మ్యుటిల్లిడే కుటుంబం. చీమకైతే నడుము దగ్గర చిన్న బుడిపె ఉంటుంది, మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి. మీ ఫొటోలో ఆ రెండూ లేవు. రెక్కల్లేవంటే ఆడదే, దయచేసి చేత్తో పట్టుకోకండి, కుడితే చాలా నొప్పి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండి! మరి జాతి పేరు?

ఇంకో జవాబు: రంగు చూసి జాతి చెప్పడం కష్టం, ఎందుకంటే ఒకే ప్రాంతంలో వేర్వేరు జాతులు ఒకే రకం రంగులు వేసుకుంటాయి, శత్రువులు త్వరగా గుర్తుపట్టి దూరంగా ఉంటాయని. పైగా మగవాటికి రెక్కలుంటాయి, ఆడవాటితో పోలికే ఉండదు, అందుకే ఒకే జాతి మగ, ఆడలకు రెండు వేర్వేరు పేర్లు పెట్టేసిన సందర్భాలున్నాయి, తర్వాత డీఎన్ఏ చూసి కొన్నింటిని కలిపారు. పొట్ట రెండో ఖండం పక్కన సన్నని నూగు గీత ఉందేమో చూడండి. పక్కనుంచి, తల ముందు నుంచి క్లోజప్‌లు పెడితే కనీసం ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వరకైనా వెళ్లొచ్చు.