తెర మీది ప్లాన్ నుంచి హెడ్‌సెట్‌లోని ఇంటికి: దిక్కు తప్పకుండా మారడం ఎలా?

ప్రశ్న:
ఇంటి ప్లాన్‌ను కంప్యూటర్ తెర మీద గీసి, హెడ్‌సెట్ (కళ్ళను కప్పి కల్పిత దృశ్యాన్ని చుట్టూ చూపే పరికరం) పెట్టుకుని అదే ఇంట్లో తిరిగి చూసుకునే అప్లికేషన్ ఒకటి తయారుచేస్తున్నాను. రెండు చోట్లా పని విడివిడిగా బాగానే సాగుతోంది; చిక్కంతా ఒకదాని నుంచి ఇంకొకదానికి మారేటప్పుడే వస్తోంది. తెర మీద వంటింటి కిటికీని ఎంచుకుని హెడ్‌సెట్ పెట్టుకున్న వ్యక్తి, క్షణంసేపు చీకటి చూసి, వీధి గుమ్మం ముందు తేలుతున్నారు. తామెటు చూస్తున్నారో పోల్చుకోవడానికే వారికి సమయం పడుతోంది. తిరిగి తెర ముందుకు వచ్చినా ఇదే అయోమయం. దీన్ని ఎలా సరిచేయాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
వాస్తవ ప్రపంచానికీ కల్పిత ప్రపంచానికీ మధ్య ఉన్నది గోడ కాదని, ఆ కొస నుంచి ఈ కొస దాకా తెగకుండా సాగే వరుస అని 1994లోనే పరిశోధకులు మిల్‌గ్రామ్, కిషినో ప్రతిపాదించారు. ఆ వరుస వెంట మనిషిని నడిపించి చూపినది 2001లో బిలింగ్‌హర్స్ట్, కాటో, పుపిరెవ్ వివరించిన మ్యాజిక్‌బుక్. దాన్ని మామూలు పుస్తకంలా చదువుకోవచ్చు. చేతిలో పట్టుకునే పరికరం గుండా చూస్తే ఆ పేజీల మీదే త్రీడీ బొమ్మలు లేచి నిలబడతాయి. మీట నొక్కితే చదువరి ఆ దృశ్యం లోపలికే వెళ్తారు. నాకు అన్నిటికన్నా నచ్చినది, లోపలికి వెళ్ళినవారు బయటివారికి పేజీ మీద చిన్న బొమ్మగా కనబడుతూనే ఉండడం. మీరు కూడా హెడ్‌సెట్ పెట్టుకోగానే, కెమెరాల ద్వారా కనిపించే సొంత గదిలోనే, బల్ల మీద ఇంటి నమూనాను చిన్నదిగా చూపి, ఎంచుకున్న కిటికీని వెలిగించి, అక్కడి నుంచి లోపలికి తీసుకువెళ్ళండి.

జవాబు 2:
పై సూచన మంచిదే, కానీ ఒక జాగ్రత్త అవసరం. శరీరం కదలకుండా దృశ్యం మాత్రం ముందుకు దూసుకుపోతే చాలామందికి కళ్ళు తిరుగుతాయి, వికారం పుడుతుంది. అలాగని ఉన్నపళంగా ఇంకోచోట దింపితే దిక్కు తెలియదు. కాబట్టి చేరబోయే చోటును, చూడబోయే దిశను నమూనా మీద ముందే గుర్తుపెట్టి చూపి, ఆ తరువాతే దృశ్యాన్ని మార్చడం మేలు. ఎంచుకున్న వస్తువు, నిలబడిన చోటు, చూపు దిశ, అన్‌డూ (చేసిన మార్పును వెనక్కి తీసుకోవడం) వరుస, ఇవన్నీ రెండు వైపులకూ ఉమ్మడిగా ఒకేచోట భద్రపరచండి. ఇవి అలా ఉమ్మడిగా లేకపోవడమే మీ వీధి గుమ్మం సమస్యకు అసలు మూలమని నా అనుమానం.

జవాబు 3:
ఈ మార్పు ఎంత వేగంగా జరగాలన్నది వాడేవారి చేతిలో ఉండడం కూడా ముఖ్యం. 2024లో వచ్చిన యాపిల్ విజన్ ప్రో హెడ్‌సెట్‌లో ఒక గుండ్రని మీటను తిప్పుతూ చుట్టూ ఉన్న గది ఎంత కనబడాలో ఎవరికి వారు నిర్ణయించుకోవచ్చు. ఇక తిరుగు ప్రయాణం సంగతి: హెడ్‌సెట్‌ను ఒక్కసారిగా తీసేస్తారు కనుక అక్కడ యానిమేషన్‌కు వ్యవధి ఉండదు. వారు లోపల తిరుగుతున్నంతసేపూ తెర మీది ప్లాన్‌లో వారి స్థానం, చూపు దిశ కదులుతూ ఉండాలి. అప్పుడు హెడ్‌సెట్ తీసిన మరుక్షణం వంటింటి కిటికీ కళ్ళ ముందే ఉంటుంది.