పాపకు జేబులున్న కాటన్ బట్టలు ఎక్కడ దొరుకుతాయండీ?

మాది అమలాపురం దగ్గర పల్లె. పాపకు ఆరేళ్లు. కాలువ గట్టు మీద పరుగులు, చెట్లెక్కడం, కప్పల్ని చూడటం, అదే దాని లోకం. బట్టల షాపులో ఆడపిల్లల వైపు అంతా గులాబీ రంగు, నెట్ గౌన్లు, మెరుపులు, రాకుమారి బొమ్మలు. ట్రాక్టర్లు, డైనోసార్లు, లోతైన జేబులు మాత్రం మగపిల్లల వైపే. గులాబీ మీద నాకేం కోపం లేదు, అదొక్కటే ఉండటం బాధగా ఉంది. పైగా మన కోనసీమ ఉక్కపోతలో ఆ నెట్, పాలియెస్టర్ ఒంటికి అంటుకుని పాపకు చెమటకాయలు వస్తున్నాయి.

జత 400 రూపాయలు దాటకూడదు. రాజమండ్రి తాడితోట హోల్‌సేల్ షాపుల్లో పిల్లల కాటన్ ప్యాంట్లు ఒకటి రెండు విడిగా ఇస్తారా, కట్ట మొత్తం కొనాలా? ఆడపిల్లకు మగపిల్లల ప్యాంట్లు కొన్నవాళ్లుంటే నడుము దగ్గర సరిపోయాయో లేదో చెప్పండి.

లేదంటే బండారులంకలో చేనేత గుడ్డ కొని కుట్టిద్దామనుకుంటున్నాను. చీరలు కాకుండా మీటర్ల లెక్కన గుడ్డ అమ్ముతారా? జేబులు పెట్టి, మోకాళ్ల దగ్గర రెండు పొరలు వేసి పిల్లల ప్యాంట్లు కుట్టే టైలర్ అమలాపురం, రావులపాలెం వైపు ఎవరైనా ఉన్నారా? కుట్టుకూలి ఎంతవుతుంది? సంక్రాంతి దగ్గరపడితే టైలర్లు దొరకరు, అదే నా టెన్షన్.