సమస్యాపూరణం: "బొగ్గు తిన్న బిడ్డ పుష్టి నొందె"

నిర్వాహకుడు (బెజవాడ): నిన్న తరగతిలో కర్బనం (కార్బన్) పాఠం చెబుతుండగా ఈ ఆటవెలది పాదం తట్టింది. ఇదే చివరి పాదంగా అర్థం కుదిరేలా మిగతా మూడు పాదాలు మీరు పూరించాలి. గణాలన్నీ హగణాలే (గురువు, లఘువు), యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదిరే జోడీ, బొ–పు. పూరణ పద్యంగా నిలిస్తే చాలదు, రసాయనశాస్త్రంగానూ నిలవాలి.

బ్రాడీపేట మాస్టారు:

పిండి, మాంసకృత్తు, పేరిన నేతిలో
దాగి యుండు నొకటె, తరచి చూడ
పాలబువ్వలోన బంధము లల్లిన
బొగ్గు తిన్న బిడ్డ పుష్టి నొందె

నిర్వాహకుడు: "బంధము లల్లిన" దగ్గరే ఆగిపోయాను, మాస్టారూ. పొయ్యిలోని బొగ్గు నమిలితే అరగదు, అందులో కర్బనం ఎక్కువగా కర్బనాన్నే పట్టుకుని ఉంటుంది. అదే కర్బనం తన నాలుగు చేతులతో హైడ్రోజన్‌ను, ఆక్సిజన్‌ను, మాంసకృత్తుల్లో నైట్రోజన్‌ను కూడా పట్టుకుంటే ఆహారం. మన ఒంటి బరువులో సుమారు 18 శాతం అదే. "పేరిన" అన్నది యతి కోసం తెచ్చిన మాట కాదు. నేయి పేరేది సంతృప్త కొవ్వుల వల్ల, వాటి తిన్నని గొలుసులు పక్కపక్కనే ఒద్దికగా సర్దుకుంటాయి.

అరండల్‌పేట సభ్యురాలు:

ఉప్పులోన నుండు నుల్లిలో నుండును
మిరపకారమందు మెండుగాను
ముద్ద కలిపి పెట్ట మోమున నవ్వుతో
బొగ్గు తిన్న బిడ్డ పుష్టి నొందె

నిర్వాహకుడు: నడక హాయిగా ఉందమ్మా. మిరప మాట నిజం: కారానికి మూలమైన క్యాప్సైసిన్ అణువులో 18 కర్బన పరమాణువులున్నాయి. ఉప్పు మాత్రం నిలవదు. అది సోడియం, క్లోరిన్‌ల జంట, కర్బనం ఊసే లేదు.

అరండల్‌పేట సభ్యురాలు: ఒప్పుకుంటున్నానండీ. యతి కుదిరిన సంతోషంలో గమనించలేదు. సవరణ: "పప్పులోన నుండుఁ బాలలో నుండును".

సత్యనారాయణపురం సభ్యుడు:

కృష్ణ నీరు తాగి కిరణము చేపట్టి
యాకు నోట గాలి నారగించి
నారుమడిని వెలసె నవకమౌ వరిమొక్క
బొగ్గు తిన్న బిడ్డ పుష్టి నొందె

బ్రాడీపేట మాస్టారు: బిడ్డ వరిమొక్క కావడం నాకు తట్టనే లేదు, నాయనా! ఆకు నోరు అంటే పత్రరంధ్రమే. వడ్లగింజలోని పిండిలో ఉన్న కర్బనమంతా ఆ నోటి గుండా వచ్చిందే. ఒక్క లోటు: "గాలి" అంటే సరిపోదు, బొగ్గుకు లంకె తెగింది. కార్బన్ డయాక్సైడ్‌ను పాత పాఠ్యపుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అనేవారు. అది వాడి చూడండి: "బొగ్గుపులుసు గాలిఁ బొట్ట నింపి".

సత్యనారాయణపురం సభ్యుడు: లంకె కుదిరింది మాస్టారూ, కానీ ఆకు పోయింది. ఆకును వదులుకోలేను. మూడో పాదం మారుస్తున్నాను:

ఆకు సాచి నిలిచె నందమౌ వరిమొక్క

నిర్వాహకుడు: ఇప్పుడు పూర్తయింది.