పెద్ద మెగెల్లాన్ మేఘంలో దుమ్మంతా ముసలి నక్షత్రాలదేనా?

దేవరకొండ గుట్ట:
మొన్న ఇంటర్ పిల్లలకు చెబుతుంటే ఒకడు అడ్డం తిరిగాడు, అందుకే ఇక్కడ పెడుతున్నా. పెద్ద మెగెల్లాన్ మేఘం మన పక్క గెలాక్సీ, దూరం సుమారు 1,60,000 కాంతి సంవత్సరాలు. అక్కడ ఆయుష్షు తీరిపోతున్న ఎర్ర నక్షత్రాలు దుమ్ము ఊదుతుంటాయి. 2003లో ఎగిరిన స్పిట్జర్ టెలిస్కోప్ దాన్ని పరారుణ కాంతిలో చూసింది. వర్ణపటం 10 మైక్రాన్ల దగ్గర ఉబ్బితే సిలికేట్, అంటే మన గుట్టల రాయి జాతి. 11.3 దగ్గర ఉబ్బితే సిలికాన్ కార్బైడ్, దానితోపాటు మసి. నా వాదన ఒకటే: ఆ గెలాక్సీ దుమ్మంతా ఈ ముసలి నక్షత్రాలు పోసిందే. కాదనేవాళ్ళు లెక్కతో రండి.

మూసీ ఒడ్డు:
అన్నా, ఒక నక్షత్రం రాయి, ఇంకొకటి మసి ఎందుకు చేస్తుంది?

దేవరకొండ గుట్ట:
పై పొరల్లో కార్బన్, ఆక్సిజన్ ముందు జోడీ కట్టి కార్బన్ మోనాక్సైడ్ అవుతాయి. ఆ జోడీ అంత సులభంగా విడిపోదు. ఆక్సిజన్ మిగిలితే సిలికేట్, కార్బన్ మిగిలితే మసి. ఆ మేఘంలో భార మూలకాలు (హీలియం కంటే బరువైనవన్నీ) సూర్యుడిలో ఉన్నవాటిలో సగమే, కాబట్టి నక్షత్రానికి పుట్టుకతో వచ్చే ఆక్సిజన్ తక్కువ. కార్బన్‌ను మాత్రం నక్షత్రం తనే హీలియం మండించి చేసుకుని, బోరు నీళ్ళలా లోతు నుంచి పైకి తోడుకుంటుంది. కాస్త తోడినా ఆక్సిజన్‌ను దాటేస్తుంది. అందుకే అక్కడ మసి నక్షత్రాలు మస్తుగా ఉంటాయి.

కోస్గి కుర్రోడు:
అన్నిటినీ మసి కింద కట్టకండి. సూర్యుడికి ఐదారు రెట్లు బరువున్నవాటిలో, తోడిన కార్బన్ పై పొర అడుగున ఉండే వేడికే నైట్రోజన్‌గా మారుతుంది. అవి రాయే చేస్తాయి.

మూసీ ఒడ్డు:
ఫ్లోరిన్ కూడా ఇలాంటి నక్షత్రాల్లో తయారవుతుందట కదా. మన నల్లగొండ మర్రిగూడ నీళ్ళలో ఫ్లోరైడ్ పాపం వాటి ఖాతాలో వేద్దామా?

కోస్గి కుర్రోడు:
నీళ్ళలోకి వచ్చింది మన గ్రానైట్ నుంచి. బోర్లు లోతుకు దించింది మనం. నక్షత్రాలను వదిలేయ్ బాబూ.

పాలమూరు లెక్కలాయన:
లెక్క అడిగారు కదా. ఆ గెలాక్సీలో ముసలి నక్షత్రాలన్నీ కలిసి ఏడాదికి పోసే దుమ్ము సూర్యుడి బరువులో లక్షకు రెండు వంతులు, అటూ ఇటూగా. దుమ్ము రేణువు నక్షత్రాల మధ్య 40 కోట్ల ఏళ్ళు బతుకుతుందనుకుందాం, మామూలుగా వేసే అంచనా అదే. గుణిస్తే 8,000 సూర్యుళ్ళు. హెర్షెల్ టెలిస్కోప్ కొలతల ప్రకారం అక్కడున్న దుమ్ము దాదాపు 7 లక్షల సూర్యుళ్ళు. తేడా ఎనభై తొంభై రెట్లు. సూపర్‌నోవాలను ఎక్కడ పెట్టారు సారూ? 1987లో అదే మేఘంలో పేలిన నక్షత్రం దగ్గర 2011లో సగం సూర్యుడంత చల్లని దుమ్ము కనిపించింది.

దేవరకొండ గుట్ట:
ఆ దుమ్ము మిగలాలి కదా! పేలుడు నుంచి లోపలికి వెనక్కి మళ్ళే ఆఘాత తరంగం (షాక్ వేవ్) ఇంకా దాన్ని పూర్తిగా తాకనే లేదు. తాకాక ఎంత ఉంటుందో చూడాలి. నా వైపు సాక్ష్యం ఇదిగో: 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్‌లో పడిన ఉల్కలో సూర్యుడికంటే పాత సిలికాన్ కార్బైడ్ గింజలు దొరికాయి. ఐసోటోపులు చూస్తే వాటిలో చాలావరకు ముసలి కార్బన్ నక్షత్రాలవే. చేతిలో పట్టుకున్న సాక్ష్యం అది.

పాలమూరు లెక్కలాయన:
అవి మన గెలాక్సీవి. పైగా సిలికాన్ కార్బైడ్ గట్టిది కాబట్టి మిగిలింది. బతికి బయటపడ్డవాళ్ళను చూసి జనాభా లెక్క వేస్తే ఎట్లా? చల్లని వాయు మేఘాల్లో రేణువుల మీదికి పరమాణువులు అతుక్కుని దుమ్ము పెరుగుతుందనే వాదన కూడా ఉంది, నాకు అదే సబబు అనిపిస్తుంది. పుట్టింది నక్షత్రం దగ్గరే కావచ్చు, బరువు పెరిగింది బయట.

మూసీ ఒడ్డు:
ఆ మేఘం మనకు కనిపిస్తుందా?

దేవరకొండ గుట్ట:
జనవరి రాత్రి, అగస్త్య నక్షత్రానికి బాగా కింద, దక్షిణ దిక్కున నాలుగు డిగ్రీల లోపే లేస్తుంది. చాపిన చేతికి రెండు వేళ్ళ ఎత్తు. గుట్టెక్కినా పొగమంచు మింగేస్తుంది, రెండుసార్లు ట్రై చేశా.
లెక్కలాయనా, 'దుమ్మంతా' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. మసి మాత్రం వీటిదే, అందులో తగ్గను.

పాలమూరు లెక్కలాయన:
ఆ 8,000లో మసీ రాయీ రెండూ కలిపే ఉన్నాయి సారూ.